గడికి పడమటి వాకిలి: నల్లగొండ జిల్లాలో ఒక ఊరుమ్మడి భవనం (కేస్ స్టడీ)

నల్లగొండ జిల్లా పడమటి కొసన, చండూరు, మర్రిగూడ మండలాల వైపు ఉన్న ఒక గ్రామ పంచాయతీ తమ ఊరి పాత గడిని, అంటే ఒకప్పటి దొర ఉండిన కోటలాంటి ఇంటిని, బాగుచేయించి, దాని పక్కనే అందరికీ పనికొచ్చే భవనం కట్టాలని తీర్మానించింది. ఊరి పేరు రాయడం లేదు. స్థలం రాసిచ్చిన కుటుంబం పెట్టిన షరతుల్లో అదొకటి. డిజైన్, పర్యవేక్షణ మా కార్యాలయం చూసింది. భవనం ఇప్పుడు వాడుకలో ఉంది కాబట్టి ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో వివరంగా రాస్తున్నాను.

ఈ పని మొత్తానికి మేము పట్టుకున్న సూత్రం ఒక్కటే: పొడి పనులు పాతదానికి, తడి పనులు కొత్తదానికి. నీళ్లు, నిప్పు, పొగ, జనం తొక్కిడి, చప్పుడు అన్నీ కొత్త కట్టడం మోయాలి. చదువుకోవడం, లెక్కలు రాసుకోవడం, ఎండ వేళ నలుగురు కూర్చోవడం పాత గోడల మధ్య జరగాలి. చారిత్రక కట్టడానికి విస్తరణ అనగానే పాతదాని అందాన్ని కొత్తదానిలోకి ఎలా తేవాలా అని మొదలుపెడతారు. నా దృష్టిలో అసలు ప్రశ్న అది కాదు. పాతదాని నెత్తి మీద నుంచి ఏ బరువు దించగలం అన్నదే ప్రశ్న.

ఏమి ఉంది, ఏమి పోయింది

ఇక్కడి గడి పెద్దదేమీ కాదు. తూర్పున రాతి కమాను ద్వారం, దానికి రెండు పక్కల బురుజులు, లోపల నాలుగు వైపులా వసారా తిరిగిన భవంతి. టేకు స్తంభాలు రాతి దిమ్మెల మీద నిలబడి ఉన్నాయి. గోడలు రాయి, డంగు సున్నంతో రెండున్నర అడుగుల మందం. పైన మిద్దె: దూలాల మీద దగ్గర దగ్గరగా దంతెలు (సన్నటి అడ్డకర్రలు), వాటి మీద పెంకు ముక్కలు, మట్టి, అన్నిటికీ పైన సున్నపు గచ్చు. పడమటి పెరట్లో పశువుల కొట్టాలు, గాదెల గది కూలిపోయి రాళ్ల కుప్పలు మిగిలాయి. అక్కడే ప్రహరీ గోడ కూడా ఒక చోట ఒరిగి పడింది. వాయవ్య మూలకు దగ్గరగా ఒక దిగుడు బావి ఉంది.

1946-51 నాటి తెలంగాణ సాయుధ పోరాటంతో గడి పెత్తనం ముగిసింది. తర్వాత కొన్నాళ్లు అందులో బడి నడిచింది, కొన్నాళ్లు ఎరువుల బస్తాలు పెట్టారు. ఆ ఎరువుల గోదాము సంగతి చదువరులు గుర్తుపెట్టుకోవాలి. గోడల జబ్బుకు అసలు కారణం అక్కడే దొరికింది.

ఇది ప్రభుత్వ రక్షిత కట్టడాల జాబితాలో లేదు. ఉంటే కథ వేరుగా ఉండేది. అలంపురం నవబ్రహ్మ ఆలయాల వంటి కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 2010 చట్ట సవరణ తర్వాత 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆ తర్వాత మరో 200 మీటర్ల దాకా అనుమతి తీసుకుని కట్టాలి. అలాంటి చోట విస్తరణ భవనం అన్న ఆలోచనే మానుకోవాలి. రాష్ట్రానికి 2017 నాటి వారసత్వ చట్టం ఉంది. గడులు చాలా వరకు వ్యక్తుల ఆస్తులుగానో పంచాయతీల చేతుల్లోనో ఉండిపోయాయి కాబట్టి వాటికి చట్టం కంటే ఊరే పెద్ద కాపలా. గద్వాల కోటలో డిగ్రీ కళాశాల, వనపర్తి రాజప్రాసాదంలో పాలిటెక్నిక్ నడిచిన పాలమూరు మనకు పక్కనే ఉంది. పాత కట్టడాన్ని వాడుకోవడం ఈ వైపు కొత్త కాదు. అయితే ఆ రెండూ సంస్థానాల కట్టడాలు, చెప్పుకోవడానికి గొప్పగా ఉంటాయి. గడి అలా కాదు.

ఏ వాకిలి?

గ్రామసభలో మొదటి గంట భవనం గురించి ఎవరూ మాట్లాడలేదు. అసలు గడిని ఎందుకు ఉంచాలి అన్నదే చర్చ. కూల్చేసి ఆ రాళ్లతో బడి ప్రహరీ కట్టాలని ఒక వర్గం పట్టుబట్టింది. ఆ కోపంలో న్యాయం ఉంది. దాన్ని పాత సంగతని కొట్టిపారేసే హక్కు బయటి నుంచి వచ్చిన ఆర్కిటెక్టుకు లేదు. అయినా కూల్చడం మంచిది కాదనే నా అభిప్రాయం చెప్పాను. గడి పోతే దొర జ్ఞాపకంతో పాటు వెట్టి చేసినవాళ్ల సాక్ష్యం కూడా పోతుంది.

సభ చివర ఒక పెద్దావిడ లేచి నాతో అన్న మాట ప్లానును తిప్పేసింది. "బిడ్డా, మా అత్త ఆ దర్వాజ ముందు నుంచి చెప్పులు చేతిలో పట్టుకుని నడిచేది. నువ్వు లోపల బంగారు మేడ కట్టినా ఆ దర్వాజలో నుంచి మాత్రం నేను రాను."

అంతకు ముందు మా ముసాయిదాలో ప్రధాన ప్రవేశం తూర్పు కమానులో నుంచే ఉంది. ఎవరు గీసినా అలాగే గీస్తారు, ఫొటోలు కూడా అటు నుంచే బాగుంటాయి. కానీ ఊరు ఉన్నది పడమర, నైరుతి దిక్కుల్లో. గడి వాళ్లకు వీపు చూపి నిలబడింది, కమాను మాత్రం బండి బాట వైపు తిరిగి ఉంది. ప్రహరీ కూలిన చోట పిల్లలు, మేకలు అప్పటికే కాలిబాట వేసుకున్నాయి. కొత్త వాకిలి అక్కడే పెట్టాలని నిర్ణయించాం.

ఇక్కడ వాస్తు సిద్ధాంతిగారు రంగంలోకి దిగారు. నైరుతి వాకిలి పనికిరాదన్నారు. పడమటి వాయవ్యం అయితే శ్రేష్ఠమన్నారు. కూలిన గండి సరిగ్గా అటు వైపే ఉండడం మా అదృష్టం. కొద్దిగా ఉత్తరానికి జరపడంతో ఆయనా సంతోషించారు, వాడ నుంచి వచ్చేవాళ్లకు నడకా పెరగలేదు. వంటశాల విషయంలో కూడా ఇలాగే కలిసొచ్చింది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ గాలి పడమటి నుంచి వీస్తుంది, ఎండాకాలం వడగాలి కూడా ఎక్కువగా అటు నుంచే. పొయ్యిల పొగ గడి మీదికి పోకూడదంటే వంటశాల స్థలానికి ఆగ్నేయ మూలన ఉండాలి. శాస్త్రం చెప్పే ఆగ్నేయం, గాలి చెప్పే ఆగ్నేయం ఒకటే అయ్యాయి. మరుగుదొడ్ల దగ్గర మాత్రం ఆయన ముఖం చిట్లించారు. బావికి వీలైనంత దూరంగా, ఏ లెక్కన చూసినా 15 మీటర్లకు తగ్గకుండా ఉంచాలి కాబట్టి అక్కడ మేము మెత్తబడలేదు.

తూర్పు కమానును ఏమి చేయాలి? మూసేయమన్నవారు కొందరు, అక్కడ నిలబడి సెల్ఫీ దిగాలన్న కుర్రాళ్లు కొందరు. తలుపులు బాగుచేసి, తెరిచే ఉంచాం. కానీ ఏ రోజువారీ పనికీ అటు నుంచి రావాల్సిన అవసరం లేకుండా దారులు మార్చాం.

పన్నెండు నెలల పటం

ఊరుమ్మడి భవనం అనగానే అందరి నోటా వచ్చేది ఫంక్షన్ హాలే. పెళ్లిళ్లు ఏడాదికి ఎన్ని రోజులు? ఆషాఢం, భాద్రపదం, పుష్యం పోగా, మూఢాలు పోగా మిగిలిన ముహూర్తాల్లోనే కదా. మిగతా రోజులు తాళం వేసి ఉండే హాలు చాలా ఊళ్లలో కనిపిస్తుంది. గోడలకు పావురాల రెట్టలు, మూలన విరిగిన కుర్చీల గుట్ట.

అందుకే ప్లాను గీయకముందు పంచాయతీ కార్యాలయం గోడకు పన్నెండు నెలల పటం ఒకటి అంటించాం. మహిళా సంఘాల వాళ్లు, రైతులు, ఆశా కార్యకర్త, డప్పు కళాకారులు, పీర్ల పండుగ చేసేవాళ్లు ఎవరికి వారు తమ రోజులు గుర్తుపెట్టారు. అందులో తేలిన విషయాలు మేము ఊహించినవి కావు. ఏప్రిల్, మే నెలల్లో యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రానికి వచ్చే రోజులు, పెళ్లిళ్ల రోజులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అదే సమయంలో అకాల వర్షం భయం. ఎండ నలభై దాటి మనుషులు చల్లని చోటు వెతుక్కునే కాలమూ అదే. అంటే ఒకే గదిని ఒకరి తర్వాత ఒకరు వాడుకుంటే సరిపోదు. ఒకే వారంలో మూడు పనులు ఒకదానికొకటి అడ్డురాకుండా సాగాలి.

భవనం రూపం దీని నుంచే పుట్టింది. గడికి దక్షిణాన ఒక రెక్క, పడమరన ఒక రెక్క, మధ్యలో ఆరుబయలు వాకిలి. దక్షిణపు రెక్కలో హాలు, దాని తూర్పు కొసన వంటశాల. ఈ హాలుకు బయటి వైపు, అంటే దక్షిణానికి, మూడు మీటర్ల వెడల్పు వసారా. వాన వస్తే వడ్ల బస్తాలు అక్కడికి చేరతాయి. లోపల పెళ్లి సాగుతూనే ఉంటుంది. వాకిలిలో నాపరాళ్లు పరిచాం, వడ్లు ఆరబోయడానికీ, బతుకమ్మ ఆడడానికీ అదే నేల. సంఘాల మహిళలు ఒక్క విషయంలో గట్టిగా నిలబడ్డారు: వాకిట్లో పక్కా వేదిక కట్టవద్దు. వేదిక ఉంటే ఉపన్యాసాలకు పనికొస్తుంది, బతుకమ్మ చుట్టూ తిరగడానికి అడ్డం. వెలుగు, మరుగుదొడ్డి, తాగునీళ్లు ఇవి చాలన్నారు. వేదిక కావాలన్న నాయకులకు చెక్క బల్లలు జోడించి వేసుకునే ఏర్పాటు చేశాం. ఎన్నికల ముందు వాటికి మంచి గిరాకీ ఉంటుంది.

గడిలోని గదులు పొడి పనులకు వెళ్లాయి. ఉత్తరపు గదిలో గ్రంథాలయం, తూర్పున సంఘాల లెక్కల గది, దక్షిణపు వసారాలో సాయంత్రం పిల్లల చదువులు. మే నెల మధ్యాహ్నం ముసలివాళ్లు, కూలి పని నుంచి వచ్చినవాళ్లు భవంతిలో పడుకుంటున్నారు. రెండున్నర అడుగుల గోడ దాటడానికి వేడికి చాలా గంటలు పడుతుంది. ఆ లోపు పొద్దు గుంకుతుంది. ఫ్యాను తప్ప వేరే యంత్రం అక్కడ అవసరం లేదు.

అతుకు ఎక్కడ పడాలి

పాత కట్టడాల పరిరక్షణకు అంతర్జాతీయంగా రాసుకున్న 1964 నాటి వెనిస్ చార్టర్‌లో ఐదవ అధికరణం ఒకటి ఉంది. సమాజానికి పనికొచ్చే వాడుక ఉంటే కట్టడం నిలుస్తుంది, కానీ ఆ వాడుక కోసం కట్టడం అమరికను, అలంకరణను మార్చకూడదు అంటుంది. పదమూడవది అదనపు నిర్మాణాల గురించి: అవి మూల కట్టడపు అందాన్ని, దాని పరిసరాలతో ఉన్న పొందికను చెడగొట్టకూడదు. మన దేశంలో వారసత్వ పరిరక్షణకు పనిచేసే ఇంటాక్ సంస్థ 2004లో రాసుకున్న చార్టర్ మరో మాట చేర్చింది. సంప్రదాయ మేస్త్రీల పనితనం బతికి ఉంటే, అది కొనసాగడం కూడా పరిరక్షణే. పాఠ్యపుస్తకాల్లో ఈ రెండింటినీ ఎదురెదురు పెట్టి వాదిస్తారు. పని చేసే చోట అంత గొడవ కనిపించదు. పాత గోడకు పాత పద్ధతి, కొత్త గోడకు కొత్త రూపం, రెండింటికీ అదే మేస్త్రీ.

కొత్త భవనానికి కూడా గడి కమానులాంటిదే పెట్టాలని సర్పంచ్ గారి కోరిక. ముందువైపు గ్రానైట్ పలకలు కూడా అడిగారు. ఆయనకు నేనిచ్చిన జవాబు, "ఊళ్లో ఒక గడి చాలు కదండీ." ఆయన నవ్వి ఊరుకున్నారు, గ్రానైట్ మాత్రం ఇంకో నెల దాకా అడుగుతూనే ఉన్నారు. కొత్త భవనం ఎత్తు గడి పిట్టగోడను దాటకూడదని, దూరం నుంచి చూస్తే గడి మాత్రమే కనిపించాలని, దగ్గరికి వస్తే కొత్తదే ముందు పలకరించాలని పెట్టుకున్నాం.

రెండు కట్టడాలు ఒకదాన్నొకటి తాకవు. కొత్త పునాది తవ్వితే పాత గోడ కింది నేల కదులుతుంది. పాతది ఎప్పుడో కుంగాల్సినంత కుంగి స్థిరపడింది, కొత్తది ఇప్పుడిప్పుడే కుంగడం మొదలుపెడుతుంది. రెండింటినీ కట్టిపడేస్తే పగులు పాతదానికే వస్తుంది. కాబట్టి పునాదులు దూరంగా ఉంచి, మధ్యలో తేలికపాటి ఇనుప స్తంభాల మీద పెంకుల వసారా ఒకటి వేశాం. ఆ పైకప్పు గడి గోడకు జానెడు దూరంలో ఆగిపోతుంది. ఆ సందులో పడే వాన కోసం కింద రాతి కాలువ ఉంది.

ఈ వసారాకు ఇంకో పని కూడా ఉంది. గడి అరుగు ఎత్తు మూడు అడుగులు, ఎక్కడానికి నిటారు రాతి మెట్లు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకుపోయిన మనుషులున్న ప్రాంతమిది. ఇక్కడ ర్యాంపు అనేది బిల్లు పాస్ కావడానికి చేసే లాంఛనం కాదు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల నడక అన్న లెక్కన మూడు అడుగులకు ముప్పై ఆరు అడుగుల వాలు కావాలి. పాత మెట్లను తాకకుండా ఆ వాలునంతా పడమటి రెక్క వెంట, మధ్య వసారా వెంట పరిచాం. అందరూ నడిచే దారి అదే. కర్ర పట్టుకున్నవారికి వేరే దారి, మిగిలినవారికి వేరే దారి అని లేదు.

చౌడు, సున్నం

గడి దక్షిణపు గోడ మోకాలి ఎత్తు దాకా పొక్కులు పొక్కులుగా ఉబ్బి ఉంది. అంతకు ముందెప్పుడో ఎవరో మంచి మనసుతోనే సిమెంటు పూత పూయించారు. మా సున్నం మేస్త్రీ మాట్లాడకుండా వేలి కణుపులతో గోడ పొడవునా తట్టుకుంటూ నడిచాడు. గట్టిగా ఉన్న చోట 'టక్', పూత వదిలిన చోట డొల్లగా 'డబ్'. డబ్ అన్న చోటల్లా సుద్దతో గీత గీశాడు. సాయంత్రానికి గోడ మీద ఒక పటం తయారైంది. చూస్తే ఎరువుల బస్తాలు పేర్చిన గది వెంటే గీతలన్నీ ఉన్నాయి.

ఎరువుల్లోని లవణాలు నేలలోకి, గోడలోకి దిగాయి. నేల నుంచి తేమ గోడలోకి ఎక్కుతుంది. సున్నం గోడ అయితే ఆ తేమను బయటికి వదిలేస్తుంది. సిమెంటు పూత దాన్ని లోపలే ఆపింది. తేమ దారి వెతుక్కుంటూ పైకి పాకింది, లవణం పూత వెనక స్ఫటికాలు కట్టి దాన్ని నెట్టేసింది. దీనికి మందు పూయడం కాదు, పూత తీయడమే వైద్యం. సిమెంటు మొత్తం చెక్కేసి, సందులు గోకి, ఒక ఎండాకాలమంతా గోడను వట్టిగా వదిలేశాం. పైకి తేలిన తెల్లటి చౌడును నీళ్లు తగలకుండా పొడి బ్రష్‌తో దులిపించాం. నీళ్లతో కడిగితే అది కరిగి మళ్లీ లోపలికే పోతుంది. కాంట్రాక్టరుకు ఈ ఖాళీ నెలలు నచ్చలేదు. బిల్లు పెట్టడానికి గోడ మీద ఏమీ కనిపించదు మరి.

తర్వాత డంగు సున్నం. కాల్చిన సున్నపు రాయిని తడిపి, వారాల తరబడి నీళ్లలో నానబెట్టి, ఇసుకతో గానుగలో మెత్తగా నూరాలి. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలపాలి. ఎంత కలపాలన్నది మేస్త్రీ చేతికి తెలుసు. తాపీ అంచు మీద కొంచెం తీసుకుని తిప్పి పట్టుకుంటాడు, జారకుండా అంటుకుని ఉంటే సరే. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెమ్మదిగా రాయిగా మారుతుంది. ఎండలో పూస్తే ఆరిపోతుంది తప్ప గట్టిపడదు. అందుకే పూత పని వానలు తగ్గాక మొదలుపెట్టి చలికాలంలో ముగించాం. పల్చటి పొరలుగా, ఒక్కో పొరకు తడి గోనెపట్టా కప్పుతూ చేశారు.

ఎస్టిమేటు రాసేటప్పుడు వచ్చిన చిక్కు వేరు. సిమెంటు పనికి ధరలు వరుసగా దొరుకుతాయి. గానుగ సున్నానికి, అందులో పోయే మనుషుల రోజులకు ధర తేల్చడమే ఒక పని. నమూనాగా ఒక చిన్న గోడ మీద పని చేయించి, పట్టిన సామగ్రి, కూలి లెక్కగట్టి, ఇంజినీరు సమక్షంలో రాయించుకున్నాం. ఇలాంటి పని చేయబోయేవారు టెండరు పిలవకముందే ఈ నమూనా గోడ కట్టించుకోవాలి. తర్వాత అయితే ప్రతి బిల్లు ఒక పంచాయితీ అవుతుంది.

గడిలో నీటి గొట్టం ఒక్కటి కూడా లేదు, కొళాయి లేదు, సింకు లేదు. కరెంటు తీగలకు గోడలు చెక్కలేదు, అన్నీ పైనే కనిపించేలా పోయాయి. చెదలు తిన్న రెండు స్తంభాల అడుగు భాగాలు కోసేసి, కూల్చిన ఇళ్ల పాత టేకు తెచ్చి అతుకు వేయించాం. అతుకు కనిపిస్తుంది, కనిపించనీయాలనే మా ఉద్దేశం.

కొత్తదానికి పెట్టిన సామగ్రి

కూలిన ప్రహరీ, కొట్టాల రాయి ఊరికే పోలేదు. కొత్త గోడలు కిటికీ మట్టం దాకా ఆ రాతితోనే లేచాయి. ఆ పైన పచ్చి మట్టి దిమ్మెలు. ఇక్కడిది చెల్క నేల, ఇసుక పాలు ఎక్కువ. పునాదులకు, నీటి సంపుకు తవ్విన మట్టినే వాడుకోవచ్చా అని చూడటానికి గాజు సీసాలో మట్టి, నీళ్లు పోసి కుదిపి పక్కన పెట్టాం. అడుగున గులకలు, ఆపై ఇసుక, ఆపై ఒండ్రు, అన్నిటికీ పైన బంకమన్ను పొరలుగా దిగుతాయి. బంకమన్ను మరీ ఎక్కువైతే దిమ్మె ఆరేటప్పుడు పగులుతుంది, మరీ తక్కువైతే అంచులు రాలిపోతాయి. మన మట్టికి కాస్త ఇసుక కలిపితే చాలింది. నూటికి 5 నుంచి 8 పాళ్ల సిమెంటు కలిపి, మిషనులో నొక్కి, నీడన గోనెపట్టాల కింద తడుపుతూ నెల రోజులు ఉంచాం. బట్టీ లేదు, కట్టెలు లేవు, బొగ్గు లేదు. నల్లరేగడి నేల ఉన్న ఊళ్లో ఇదే పని చేయమంటే నేను వద్దంటాను. ఆ మట్టి తడికి ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది, దిమ్మెకు పనికిరాదు.

ఈ ప్రాంతం 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. మిట్ట మధ్యాహ్నపు సూర్యుణ్ని ఆపడం తేలిక, తూర్పు పడమరల వాలు ఎండే కష్టం. అందుకే హాలును తూర్పు పడమరలుగా పొడుగ్గా పెట్టి, కిటికీలన్నీ ఉత్తర దక్షిణాలకే ఇచ్చాం. పడమటి పొట్టి గోడకు కిటికీ లేదు, దాని వెనక సామాన్ల గది ఉంది. వడదెబ్బ ఆ గది తింటుంది. హాలు మీద ఇనుప దూలాల పైన రెండు వరుసల పెంకులు వేశాం. మధ్య సందులో గాలి ఆడుతుంది, కొప్పు దగ్గర వేడి బయటికి పోతుంది. రేకులు వేస్తే ఖర్చు తగ్గేది. అయితే ఎండలో లోపల కూర్చోలేరు, వానలో మంత్రాలు వినపడవు.

చిన్న గదుల మీద మాత్రం స్లాబు, అది కూడా మూకుళ్లు పెట్టి పోసింది. స్లాబు కింది సగంలో కాంక్రీటు పని తక్కువ, లాగుడంతా ఇనుము మోస్తుంది. ఆ చోట కాంక్రీటుకు బదులు మట్టి మూకుళ్లు బోర్లిస్తే సిమెంటు మిగులుతుంది, లోపల గాలి చిక్కి వేడి తగ్గుతుంది. కేరళలో లారీ బేకర్ ఈ పద్ధతిని ఊరూరా తీసుకెళ్లారు. మూకుళ్లు పక్క ఊరి కుమ్మరి చేశాడు. చేతి పనిలో కొలతలు కాస్త అటూ ఇటూ అవుతాయి, చువ్వల మధ్య గళ్లు మాత్రం మారవు. కొలతకు చెక్క వలయం ఒకటి చేయించి ఆయన దగ్గర పెట్టాం. అందులో నుంచి దిగినవి మాకు, దిగనివి సంతకు. పోసే ముందు ప్రతి మూకుడును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచాలి. పొడిగా పెడితే అది కాంక్రీటులోని నీళ్లు తాగేస్తుంది, చుట్టూ బలహీనపడుతుంది. బుడగలు చూసే పనికి కుర్రాళ్లు పోటీలు పడ్డారు.

ఆ స్లాబుల మీద సౌర ఫలకాలు ఉన్నాయి. ఒక్కో కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి. గ్రంథాలయం, దీపాలు, ఫ్యాన్లు, మోటారు వరకు అది చాలు. పెళ్లి రోజు దీపాల తోరణాలకు చాలదు, చాలేలా పెట్టడం దండగ కూడా.

నీళ్లు

ఫ్లోరైడ్ మాట లేకుండా ఈ ప్రాంతంలో నీటి గురించి రాయలేం. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకుండా ఉండాలి, వేరే నీరు లేనప్పుడు గరిష్ఠ పరిమితి 1.5. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టింది. జిల్లాకు అలాంటి కీర్తి దక్కింది. ఇప్పుడు మిషన్ భగీరథ నీరు ఇంటింటికీ వస్తోంది. అయితే వందల మందికి వండే రోజున కొళాయి నీరు చాలకపోతే వంటవాళ్లు బోరు నీటిని వాడేస్తారు. దాన్ని ఆపడానికే వాన నీటి సంపు.

లెక్క సులువు. ఒక చదరపు మీటరు పైకప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 350 చదరపు మీటర్ల కొత్త పైకప్పు, ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన అనుకుంటే 2,45,000 లీటర్లు. ఐదో వంతు పోయిందనుకున్నా రెండు లక్షలకు కాస్త తక్కువ మిగులుతుంది. అదంతా దాచాలంటే సంపుకే భవనమంత ఖర్చు. 30,000 లీటర్లకు కట్టాం. 500 మంది విందుకు మనిషికి 5 లీటర్ల చొప్పున తాగడానికి, వంటకు 2,500 లీటర్లు చాలు. అంటే ఒక నిండు సంపు పన్నెండు విందులకు వస్తుంది. తొలకరి నీళ్లు పైకప్పు దుమ్మును కడుగుతాయి కాబట్టి వాటిని పక్కకు వదిలేసే కవాటం ఉంది. ఆ తర్వాతి నీరు ఇసుక, గులకల వడపోత దాటి సంపులోకి వస్తుంది. పొంగిన నీరంతా దిగుడు బావికి పోతుంది. బావి నీరు తాగడానికి కాదని మెట్ల దగ్గరే రాసి ఉంది. కడుగుళ్లకు, మొక్కలకు దాన్ని వాడుతున్నారు. గడి మిద్దె నీటిని మాత్రం సంపులోకి తేలేదు. సున్నం, మట్టి కలిసిన నీరు అది, నేరుగా బావికే.

ఇంకా తెగనివి

గడి తూర్పు వైపు గదిలో ఒక భాగాన్ని ఊరి చరిత్రకు కేటాయించాం. నాగళ్లు, మోట తొండం, పాత రసీదులు, పోరాట కాలపు ఫొటోల నకళ్లు చేరాయి. గోడ మీద రాయాల్సిన రాత మాత్రం రాలేదు. వెట్టి గురించి ఎంత రాయాలి, ఎవరి పేర్లు రాయాలి, దొర కుటుంబం స్థలం ఇచ్చిన సంగతి ఏ వరుసలో రావాలి అన్నది సభలో ఇప్పటికి చాలాసార్లు చర్చకు వచ్చి ఆగింది. తొందరపెట్టవద్దని నా సలహా. ఖాళీ గోడ వల్ల ఎవరికీ నష్టం లేదు.

డీజే గొడవ అంతకంటే పెద్దది. ఆ పెట్టెల దెబ్బకు మిద్దె దంతెల సందుల్లో నుంచి మట్టి రాలడం అందరం చూశాం. వాకిట్లో డీజే పెట్టకూడదని నిర్వహణ కమిటీ రాసుకుంది. కుర్రాళ్లు ఒప్పుకోలేదు. హాలు దక్షిణపు వసారా బయట, పొలాల వైపు తిప్పి పెట్టుకోవచ్చని, రాత్రి పదింటికి ఆపాలని, అలా పెట్టిన రోజు అద్దె రెట్టింపని చివరికి తేల్చారు. ఆ అదనపు సొమ్ము వేరే ఖాతాలో జమ అవుతుంది. ఏటా తొలకరికి ముందు మిద్దె గచ్చు పగుళ్లు పూడ్చడానికి, గడ్డి మొలకలు పీకడానికి, సున్నం మేస్త్రీ కూలికి తప్ప దాన్ని ఇంకెందుకూ ముట్టుకోకూడదని తీర్మానం. మొదటి ఏడాది ఆ ఖాతాలో మేస్త్రీని పిలవడానికి సరిపడా కంటే ఎక్కువే పడింది. డీజేలు తగ్గలేదన్నమాట.